చింతపిక్కలు, కొబ్బరి ఈనెలు: పసిపిల్లల ఆటల చదువు

చిన్నపిల్లలకు ఆటతో చదువు చెప్పడమంటే చేతికి ఒక పని, కంటికి ఒక వస్తువు, నోటికి ఒక మాట ఒకేసారి అందించడం. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా పిల్లల చదువు ప్రధానంగా ఇలాగే సాగుతుంది. అయిదు అంకెను పలక మీద పదిసార్లు దిద్దిన పిల్లవాడికి ఆ గీత గుర్తుంటుంది. అయిదు చింతపిక్కలు గుప్పిట్లో పట్టుకుని, రెండు తమ్ముడికిచ్చి, మిగిలినవి లెక్కపెట్టుకున్న పిల్లవాడికి అయిదంటే ఎంతో తెలుస్తుంది. ఈ చదువుకు బజారులో కొనవలసిన సామగ్రి చాలా తక్కువ. గౌతమి, వశిష్ఠ పాయల నడుమ, కోనసీమకు తలవైపున ఉన్న ఆత్రేయపురం లాంటి ఊళ్లో కావలసినవన్నీ పెరట్లోనో వంటింట్లోనో కాలవగట్టునో దొరుకుతాయి. కొరతల్లా, ఆడుతున్న పిల్లల పక్కన కాసేపు కూర్చుని ఒక మంచి ప్రశ్న అడిగే పెద్దవాళ్ల తీరికకే.

ఆటను చదువుగా గుర్తించిన పద్ధతులకు దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో పసిపిల్లల బడి మొదలుపెట్టి చెక్క దిమ్మెలను, బంతులను, కాగితపు మడతలను పాఠాలుగా మార్చాడు. కిండర్‌గార్టెన్ అన్న పేరు ఆయన పెట్టిందే. 1907లో రోమ్ నగరంలోని ఒక పేదల పేటలో మరియా మాంటిస్సోరి తెరిచిన బాలల గృహంలో పిల్లలు నీళ్లు ఒంపడం, బొత్తాలు పెట్టుకోవడం, గరుకు అక్షరాల మీద వేలు నడపడం నేర్చుకున్నారు. ఆమె 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండిపోయి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. అంతకు ముందే, 1920లో, గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా బాలమందిరం నెలకొల్పి కథకూ పాటకూ నాటకానికీ బడిలో పెద్దపీట వేశాడు.

తెలుగునాట ఈ పనిలో రేడియోకు సొంత వాటా ఉంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా పిల్లల చేత పాడించి, ఆడించి, నాటికలు వేయించారు. బొమ్మ లేకుండా, కేవలం చెవికి అందే మాటతో ఇంటింటా పిల్లల ఊహకు పని పెట్టిన కార్యక్రమాలవి. వాళ్లే 1945లో ‘బాల’ పత్రికనూ ప్రారంభించారు. గోదావరి జిల్లా దంగేరులో పుట్టిన చింతా దీక్షితులు ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూ పిల్లల కోసం ‘లక్కపిడతలు’ రాశారు. చిట్టి గిన్నెలూ చిట్టి పొయ్యీ పెట్టుకుని పిల్లలు ఆడుకునే ఆటే ఆ పుస్తకానికి పేరయింది.

ప్రభుత్వ వ్యవస్థలో ఈ వయసు పిల్లల బాధ్యత మొదట అంగన్‌వాడీది. 1975 అక్టోబర్ 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద, పౌష్టికాహారంతో పాటు 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య అక్కడే అందుతుంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం మూడేళ్ల వయసు నుంచి రెండో తరగతి పూర్తయ్యే దాకా ఉన్న అయిదేళ్లను కలిపి పునాది దశ అంది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందన్న మాటను ఆ పత్రం స్పష్టంగా చెప్పింది. ఈ దశకు ఆట ఆధారంగానే బోధన సాగాలని, వీలైనంత వరకు ఇంటి భాషలోనే సాగాలని కూడా సూచించింది. మూడేళ్ల పిల్లకు నోటుపుస్తకమిచ్చి గీతల మధ్య ఇంగ్లీషు అక్షరాలు రాయించే అలవాటు ఇప్పటికీ చాలా చోట్ల ఉంది. ఆ వయసులో వేళ్ల కండరాలకు పెన్సిలును అదుపు చేసే పట్టు ఇంకా రాదు. ముందు మట్టి పిసకడం, పిండి కలపడం, పూసలు గుచ్చడం, ఆకు చీల్చడం వంటివి జరిగితే, ఆ తర్వాత రాత దానంతట అది తేలికవుతుంది.

ఆత్రేయపురం పిల్లల కళ్ల ముందు ప్రతిరోజూ జరిగే ఒక పనిలో ఈ చదువు చాలావరకు ఇమిడి ఉంది. ఊరి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తరాలుగా ఇక్కడి ఆడవాళ్ల చేతుల్లో బతికిన విద్య అది. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, నీళ్లలా జారేటట్టు పల్చన చేస్తారు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెడతారు. పల్చటి గుడ్డను ఆ జారులో ముంచి, కాగిన కుండ మీద ఒక్క వాటున లాగుతారు. కళ్లు మూసి తెరిచేలోగా నీరు ఆవిరై, వెనక కాగితం కన్నా పల్చటి తెల్లటి రేకు మిగులుతుంది. అంచు పట్టుకుని దాన్ని లేవదీస్తారు. తర్వాత నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో జల్లి, మడత పెడతారు.

ఇందులో మంట దగ్గరి పని పిల్లలది కాదు. వాళ్లు దూరంగా కూర్చుని చూస్తారు, అడుగుతారు. గుడ్డ తడిగా ఉంది కదా, రేకు పొడిగా ఎలా వచ్చింది? నీళ్లు ఎటు పోయాయి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేయడం కన్నా ఇంట్లో ఒక పని చేయించడం మంచిది. మధ్యాహ్నం ఎండకు కాలిన గచ్చు మీద నాలుగైదేళ్ల పిల్ల చేత ఒక తడిగుడ్డ లాగించాలి. నీడలో ఉన్న గచ్చు మీద మరోసారి లాగించాలి. ఎండలో గీసిన తడి గీత చూస్తుండగానే చెరిగిపోతుంది. నీడలోది చాలాసేపు నిలుస్తుంది. ఏది ముందు ఆరుతుందో ముందుగా ఊహించి చెప్పమని, తర్వాత చూడమని అంటే అది చిన్న సైన్సు ప్రయోగం అవుతుంది. వేడికి నీరు త్వరగా ఆవిరవుతుందన్న మాట ఆ పిల్ల తన చేతులతో తెలుసుకున్న సంగతి అవుతుంది. మాటగా చెప్పినదాని కన్నా ఇది ఎంతో కాలం నిలుస్తుంది.

మడత కూడా పాఠమే. పాత వార్తాపత్రిక కాగితాన్ని రేకుగా తీసుకుని సగానికి మడిస్తే రెండు పొరలు, మళ్లీ సగానికి మడిస్తే నాలుగు, ఇంకోసారి మడిస్తే ఎనిమిది. విప్పితే మడత గీతలు కాగితాన్ని సమాన భాగాలుగా చూపిస్తాయి. సగం, పావు, అరపావు అన్న మాటలు ఇలా చేతికి అందుతాయి. అంచు అంచుకు సరిగ్గా తగిలేలా మడవడానికి కావలసిన నేర్పు వేళ్లకు గొప్ప సాధన. ఇక బడిలో అయితే, నానబెట్టడం, రుబ్బడం, రేకు తీయడం, మడవడం నాలుగు బొమ్మలుగా గీసిన అట్టముక్కలను కలిపేసి, ఏది ముందు, ఏది తర్వాత అని వరుసగా పేర్చమనవచ్చు. పేర్చిన వరుసను సొంత మాటల్లో చెప్పడం ఆ తర్వాతి మెట్టు. ఆత్రేయపురం పిల్లలకు ఈ వరుస బాగా తెలిసిన సంగతి కాబట్టి, మాటల కోసం తడుముకోకుండా చెప్పగలుగుతారు.

లెక్కలకు వామనగుంటలను మించిన ఆట పల్లెటూళ్లో మరొకటి కనపడదు. పీట మీద ఏడేసి గుంటలు రెండు వరుసలు, మొత్తం 14. పీట లేకపోతే నేల మీద సుద్దతో గీసిన గళ్లు చాలు. గుంటకు అయిదు చింతపిక్కల చొప్పున 70 పిక్కలు పడతాయి, ఒక్కొక్కరికి 35. ఆడే పిల్ల తన వైపు ఒక గుంటలోని పిక్కలన్నీ తీసి, ఆ పక్క గుంట నుంచి ఒక్కొక్కటి చొప్పున వేసుకుంటూ పోతుంది. చేతిలోవి అయిపోయాక, తర్వాతి గుంటలోవి తీసుకుని మళ్లీ పంచుతుంది. చేతిలోవి అయిపోయినప్పుడు తర్వాతి గుంట ఖాళీగా ఉంటే, దాన్ని తుడిచి, దాని అవతలి గుంటలో ఉన్నవి గెలుచుకుంటుంది. అక్కడితో ఆ పిల్ల వంతు పూర్తయి ఆట ఎదుటివారికి వెళ్తుంది. ఊరిని బట్టి, ఇంటిని బట్టి ఈ నియమాల్లో తేడాలుంటాయి. ఏ ఇంటి పద్ధతి ఆ ఇంట్లో సరైనదే.

ఈ ఆటలో పిల్ల చేసే పనిని కాస్త దగ్గరగా చూస్తే ఎంత లెక్క దాగి ఉందో తెలుస్తుంది. మొదటి రోజుల్లో ఒక గుంటకు ఒక పిక్క అన్న జత కుదరదు. రెండు ఒకే గుంటలో జారిపోతాయి. కొద్ది రోజులకు వేలు, మాట, పిక్క ఒకే తాళంలో పడతాయి. ఆ తర్వాత గుంటలోకి తొంగి చూసి, తాకకుండానే నాలుగున్నాయని చెప్పడం వస్తుంది. ఆపైన, ఈ గుంట తీస్తే చివరి పిక్క ఎక్కడ పడుతుందో, దాని పక్క గుంట ఖాళీగా ఉందో లేదో ముందే చూసుకోవడం వస్తుంది. ఆరేడేళ్ల పిల్ల తీయబోయిన చేతిని వెనక్కి లాక్కుని మరో గుంట ఎంచుకున్న క్షణంలో కూడికా, ముందుచూపూ రెండూ పనిచేస్తున్నాయి. అప్పుడు పక్కనున్న అమ్మమ్మ, “అది ఎందుకు వదిలేశావమ్మా?” అని అడిగితే, పిల్ల తన ఆలోచనను మాటల్లో పెట్టుకోవలసి వస్తుంది. ఆట చదువుగా మారేది ఆ ప్రశ్న దగ్గరే. నాలుగేళ్ల వాళ్లకు 14 గుంటలు బరువు. వాళ్లకు రెండు వైపులా మూడేసి గుంటలు, గుంటకు రెండేసి పిక్కలు చాలు.

పదులు, ఒకట్ల పాఠానికి కొబ్బరి ఈనెలు దొరుకుతాయి. ఒకే పొడవున తుంచిన ఈనెలను పదేసి లెక్కపెట్టి రబ్బరు బ్యాండుతో కట్ట కట్టిస్తారు. ఒక కట్ట, విడిగా మూడు ఈనెలు పెడితే పదమూడు. తెలుగులో పదమూడు, పద్నాలుగు అంటున్నప్పుడు పది చెవికి వినపడుతూనే ఉంటుంది కనుక, కట్టను చూపిస్తూ పలికితే పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. పదమూడులోంచి అయిదు తీసేయమంటే, విడిగా ఉన్నవి మూడే కాబట్టి కట్ట విప్పక తప్పదు. పుస్తకంలో అప్పు తీసుకోవడం అని చెప్పే లెక్క పిల్లల చేతుల్లో కట్ట విప్పడమే అవుతుంది. రెండో తరగతి పిల్లలు తీసివేతల్లో ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఈనెల కట్టతో కొన్నాళ్లు గడిపిన పిల్లలు ఈ మెట్టు సులువుగా దాటుతారు.

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు పాచికలు. నోరు పైకి పడిన గవ్వలను బట్టి ఒకటి, రెండు, మూడు. నాలుగూ పైకి పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. అయిదుకు అయిదు గళ్ల పటం మీద బయటి వరుసలో 16 గళ్లు, లోపలి వరుసలో 8, నడిమధ్య ఒకటి. కాయను ఒక్కో గడీ జరుపుతూ లెక్కపెట్టే పిల్ల, కొన్నాళ్లకు చూపుతోనే గమ్యం చేరుకుంటుంది. ఓడిపోవడాన్ని తట్టుకోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం కూడా ఇక్కడే అలవడతాయి. అయిదేళ్ల పిల్లలకు ఇవి కూడికల కన్నా కష్టమైన పాఠాలు.

సంక్రాంతి నెలలో వాకిట్లో ముగ్గులు పడతాయి. అయిదు చుక్కల వరుసకు రెండు వైపులా సందు చుక్కతో నాలుగు, మూడు వరుసలు పెడితే మొత్తం 19 చుక్కలు. మూడు, నాలుగు, అయిదు, నాలుగు, మూడు కలిపితే ఎంతో పిల్లలు ముందు లెక్కగట్టి, తర్వాత చుక్కలు వేసి సరిచూసుకోవచ్చు. ముగ్గులో ఎడమ సగం పెద్దవాళ్లు వేసి కుడి సగం పిల్లలకు వదిలేస్తే, రెండు సగాలూ ఒకేలా ఉండాలన్న సౌష్ఠవ భావం గీతలోకి దిగుతుంది. ముగ్గుపిండిని రెండు వేళ్ల మధ్య సన్నగా జారవిడవడం పెన్సిలు పట్టుకు చక్కని ముందస్తు సాధన. ఆ పని మగపిల్లలకు నేర్పకపోవడం వాళ్లకు నష్టం.

చేతి నైపుణ్యానికి కొబ్బరితోట ఒక పెద్ద పనిముట్ల పెట్టె. లేత కొబ్బరాకును చుట్టి బూర చేస్తారు. మడిచి అల్లి చేతి గడియారం, కళ్లజోడు, పాము చేస్తారు. ఈనె మీద రెండు ఆకు ముక్కలు అడ్డంగా గుచ్చితే గాలిమర. రాలిన కొబ్బరి పిందెకు ఈనె ముక్క గుచ్చితే బొంగరం. వేసవిలో ముంజెలు తిన్నాక మిగిలిన తాటికాయ బుర్రలు రెండింటికి కర్ర గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ పోయే బండి గోదావరి పల్లెల్లో పెరిగిన వాళ్లందరికీ తెలిసిందే. ఆ బండి పక్కకు లాగేస్తుంటే ఎందుకో వెతకడం, ఒక బుర్ర పెద్దదీ ఒకటి చిన్నదీ కావడమే కారణమని కనిపెట్టడం, మార్చి మళ్లీ తోయడం, ఈ మూడూ ఇంజనీరు చేసే పనులే. దుకాణంలో కొన్న ప్లాస్టిక్ కారు పాడైతే పిల్లవాడికి బాగుచేసుకునే దారి ఉండదు. తాటికాయ బండి పాడైతే, దాన్ని తనే చేశాడు కాబట్టి తనే సరిచేసుకుంటాడు.

గుజ్జనగూళ్లు, కొట్టు ఆట, బడి ఆట, డాక్టరాట లాంటివి భాషకు పెద్ద బలం. లక్కపిడతలు లేకపోతే కొబ్బరి చిప్పలే గిన్నెలు. అంగన్‌వాడీలో ఒక మూల పూతరేకుల కొట్టు పెడితే, ఒక పిల్ల అమ్ముతుంది, ఇంకొకరు కొంటారు, మరొకరు డబ్బాలో పెట్టి కడతారు. ఇంకో రోజు అదే మూల రావులపాలెం అరటి మార్కెట్ అవుతుంది. గెలల బదులు రంగు కాగితపు చుట్టలు వస్తాయి. కర్రకు రెండు వైపులా కొబ్బరి చిప్పలు వేలాడదీస్తే తక్కెడ. ఏది బరువు, ఏది తేలిక, రెండూ సమానం కావాలంటే ఎన్ని పిక్కలు వేయాలి అన్న లెక్కలు బేరంలో భాగంగానే వస్తాయి. బేరమాడే పిల్లలు పెద్దవాళ్ల మాటతీరును, మర్యాదను, వాక్యాల పొడవును అనుకరిస్తారు. ఇంట్లో గట్టిగా మాట్లాడని పిల్ల కూడా కొట్టులో కూర్చున్నప్పుడు నోరు విప్పడం అంగన్‌వాడీ టీచర్లు తరచూ చూసేదే.

మాటకు అసలు వేళ మాత్రం రాత్రి భోజనాలయ్యాక కథ చెప్పుకునే సమయం. కథను మధ్యలో ఆపి, “తర్వాత ఏమై ఉంటుంది?” అని అడగడం, చెప్పిన కథనే మర్నాడు పిల్లల చేత చెప్పించడం, ముగింపు మార్చి చెప్పమనడం, ఇలా ఒకే కథ ఎన్నో రోజులు పనికొస్తుంది. పిల్లలు అదే కథ మళ్లీ మళ్లీ అడుగుతారు; విసుక్కోకుండా చెప్పాలి, ఎందుకంటే ప్రతిసారీ వాళ్లకు కొత్తగా ఒక మాట పట్టుబడుతుంది. పొడుపుకథలు వస్తువు గుణాలను వేరు చేసి చూడడం నేర్పుతాయి. ఒక మాట చివరి అక్షరంతో ఇంకో మాట మొదలుపెట్టే ఆట, ఒకే అక్షరంతో మొదలయ్యే వస్తువులను ఇంట్లో వెతికే ఆట శబ్దాల మీద శ్రద్ధ పెంచుతాయి. చదవడం రావడానికి ముందు చెవికి ఈ పదును కావాలి. పిల్ల వెళ్లేది ఇంగ్లీషు మీడియం బడికైనా సరే, ఇంట్లో ఈ ఆటలు తెలుగులో సాగడమే మేలు. ఒక భాషలో బలపడిన ఊహ, కథన శక్తి రెండో భాషకూ ఉపయోగపడతాయి.

అక్షరాలకు మన సంప్రదాయంలోనే మంచి పద్ధతి ఉంది. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో పోసిన బియ్యంలో వేలితో రాయిస్తారు. ఆ పళ్లేన్ని ఆ ఒక్కరోజుతో సరిపెట్టకుండా ఏడాదంతా వాడుకోవచ్చు. బియ్యం బదులు కాలవ ఇసుక జల్లెడ పట్టి వాడినా సరే. తప్పు రాస్తే పళ్లేన్ని ఒకసారి ఊపితే చెరిగిపోతుంది. కొట్టివేత మచ్చ ఉండదు కాబట్టి భయమూ ఉండదు. తెలుగు అక్షరాల్లో వంపులు ఎక్కువ. అందుకే ముందు సున్నాలు, అరసున్నాలు, కొక్కేలు రాయించి, తర్వాత పోలిక ఉన్న అక్షరాలను జతగా చూపిస్తే తేడా బాగా తెలుస్తుంది. ప, వ పక్కపక్కన. న, స పక్కపక్కన. డ, ద పక్కపక్కన. సుద్దతో నేల మీద పెద్ద అక్షరం గీసి దాని మీద నడిపించడం, దారపు ముక్కతో అక్షరం పేర్చడం, తొక్కుడుబిళ్ల గళ్లలో అంకెలకు బదులు అక్షరాలు రాసి బిళ్ల పడ్డ అక్షరంతో ఒక మాట చెప్పించడం కూడా మంచి పద్ధతులే. ఒళ్లంతా కదిలితేనే ఈ వయసు పిల్లలకు బుద్ధి కుదురుతుంది. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప ఆడించాక కూర్చోబెట్టిన పాఠం, ఊరకే కూర్చోబెట్టిన పాఠం కన్నా బాగా ఎక్కడం ఏ బడిలోనైనా చూడవచ్చు.

ఆత్రేయపురం చుట్టుపక్కల పిల్లలకు నీరు పరాయి సంగతి కాదు. 1847 నుంచి 1852 దాకా సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర కట్టించిన ఆనకట్ట, దాని స్థానంలో 1982లో పూర్తయిన బ్యారేజీ ఈ నేలను పంటభూమిగా నిలిపాయి. బొబ్బర్లంక దగ్గర కాలవలోకి దిగిన గోదావరి నీరు లొల్ల లాకుల దగ్గర శాఖలుగా చీలి కోనసీమ పొలాలకు పోతుంది. లాకు తలుపు ఎందుకు, నీరు ఎటు నుంచి ఎటు పారుతుంది అన్న ప్రశ్నలకు పెరట్లో ఒక తొట్టి, రెండు మగ్గులు, ఒక రబ్బరు గొట్టం చాలు. ఎత్తున ఉన్న మగ్గులోంచి కిందికి నీరు పారుతుంది. రెండూ ఒకే ఎత్తుకు వస్తే ఆగుతుంది. గొట్టం నొక్కితే తలుపు మూసినట్టు. మట్టిలో చిన్న కాలవ తవ్వి, అట్టముక్కతో తూము పెట్టి ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో పిల్లలే నిర్ణయించుకునే ఆట ఒకటి రెండు తరగతుల వాళ్లకు ఎంతో ఇష్టం.

కొలత అన్న భావం కూడా నీటితోనే బాగా వస్తుంది. వరద వచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులుందో అడుగుతారు. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ అంకెలు పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి. కానీ అడుగంటే ఎంతో చాలామందికి తెలియదు. బడి గోడ మీద అడుగులు గుర్తు పెట్టి, ఒక్కొక్కరి ఎత్తు కొలిచి, రంగు సుద్దతో పేరు రాస్తే తెలుస్తుంది. నిటారు గోడలున్న సీసాను మెడ దగ్గర కోసి, పక్కన స్కేలు అంటించి ఆరుబయట పెడితే వానకొలత సిద్ధం. జూన్ నుంచి అక్టోబర్ దాకా వాన పడిన ప్రతిరోజూ ఒక పిల్ల చూసి పుస్తకంలో రాయాలి. వారానికోసారి ఆ అంకెలను నిలువు గీతలుగా గీస్తే, ఏడెనిమిదేళ్ల వాళ్లకు పటం చదవడం వచ్చేస్తుంది.

బడిలో ఇవన్నీ సాగడానికి ఏర్పాటు కొంచెం కావాలి. పది పదిహేను మంది ఉన్న అంగన్‌వాడీలో అందరికీ ఒకే పని పెడితే అల్లరి ఖాయం. గదిలో నాలుగు మూలలు నాలుగు పనులకు కేటాయించి, పిల్లలను చిన్న గుంపులుగా తిప్పితే టీచరుకు ఒక్కో గుంపుతో కూర్చునే వీలు దొరుకుతుంది. ఒక్కో పనికి పదిహేను, ఇరవై నిమిషాలు మించకూడదు. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉండే ఊరి బడులకు మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చూపిన దారి బాగా పనికొస్తుంది. అక్కడ పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, మెట్ల వరుసలో పెట్టారు. ప్రతి పిల్లా తను ఉన్న మెట్టు నుంచే ముందుకు వెళ్తుంది. పక్క పిల్ల కోసం ఆగక్కర్లేదు, పరుగెత్తనూ అక్కర్లేదు. ఈ పద్ధతి తర్వాత తమిళనాడు సహా ఇతర రాష్ట్రాలకూ వెళ్లింది. పోటీ పెట్టి ఒకరికి బహుమతి ఇవ్వడం ఈ వయసులో మేలు చేయదు. గెలిచిన ఒకరు తప్ప మిగతావాళ్లంతా ఆ పని మీదే ఇష్టం పోగొట్టుకుంటారు.

జాగ్రత్తల విషయంలో మొహమాటం కూడదు. మూడేళ్ల లోపు పిల్లల చేతికి చింతపిక్కలు, గవ్వలు, పూసలు ఇవ్వకూడదు; గొంతుకు అడ్డం పడితే ప్రాణాపాయం. చిన్న తమ్ముడో చెల్లెలో పాకుతున్న ఇంట్లో ఆట అయిపోయిన వెంటనే పిక్కలు లెక్కపెట్టి డబ్బాలో పెట్టించాలి. అది కూడా లెక్కల సాధనే. ఎర్రగా నల్లమచ్చతో అందంగా ఉండే గురివింద గింజలు, ఆముదం గింజలు, ఉమ్మెత్త కాయలు విషం. బొమ్మలకు, దండలకు వాటిని వాడనే వాడకూడదు. నీటి ఆటలు తొట్టి దగ్గరే సాగాలి, ఆట కాగానే తొట్టి ఒంపేయాలి. కాలవగట్టుకు పిల్లలు పెద్దవాళ్ల చేయి పట్టుకునే వెళ్లాలి. ఈనెల చివర్లు కంటికి తగలకుండా ముందే తుంచేయాలి. ఫోను విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన స్పష్టంగా ఉంది: రెండేళ్ల లోపు వాళ్లకు తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. ఈ వయసు పిల్లలకు రోజుకు కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలే ఆట ఉండాలని కూడా ఆ సంస్థ చెప్పింది.

పిల్ల ఎంత నేర్చుకుందో తెలుసుకోవడానికి పరీక్ష అవసరం లేదు; ఆడుతుండగా చూసి ఒక వాక్యం రాసుకుంటే చాలు. ఈ వారం పది దాకా తడబడకుండా లెక్కపెట్టింది, కథలో మూడు సంఘటనలు వరుసగా చెప్పింది, కత్తెరతో గీత వెంట కత్తిరించింది, ఇలా. నెల తర్వాత ఆ వాక్యాలు వరుసగా చదివితే ఎదుగుదల కనిపిస్తుంది, ఆగినచోటూ కనిపిస్తుంది. పిలిస్తే తిరగకపోవడం, మూడేళ్లు నిండినా రెండు మాటలు కలిపి మాట్లాడకపోవడం, పుస్తకాన్ని కంటికి బాగా దగ్గరగా పెట్టుకోవడం వంటివి గమనిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. ఆ రోజున టీచరు రాసుకున్న వాక్యాలు డాక్టరుకు నేరుగా పనికొస్తాయి. చూపు తక్కువని తేలిన పిల్లకు వామనగుంటల్లో చింతపిక్కల బదులు పెద్ద పోకచెక్కలు, అక్షరాలకు ఇసుక అంటించిన అట్టలు ఇస్తారు. వినికిడి తక్కువైన పిల్లకు చెమ్మచెక్కలో తాళాన్ని అరచేతి దరువుతో అందిస్తారు. నడవలేని పిల్ల కూర్చున్నచోటికే కొట్టు ఆట తక్కెడను తెచ్చి పెడతారు.